మీకు నిజంగా ఎన్నేళ్లు బతకాలని ఉందో తెలుసుకోవడం ఎలా

చచ్చిపోవాలని ఉందా అని ఎవరినైనా అడగండి, ఛీ ఛీ అవేం మాటలు అంటారు. సరే, అయితే ఎప్పటికీ బతికే ఉండాలని ఉందా అని అడగండి, ఒక్క క్షణం ఆగి "అమ్మో, అంత వద్దులే" అంటారు. మన అసలు జవాబు ఈ రెండిటి మధ్య ఎక్కడో ఉంది, చాలామందిమి దాన్ని వెతుక్కోకుండానే వెళ్లిపోతున్నాం. అది వెతికే పద్ధతి ఒకటి, నేను చేసి చూసింది, ఇక్కడ రాస్తున్నాను. ఒక కాగితం, ఒక పెన్ను, ఎవరూ కదిలించని ఒక సాయంత్రం ఉంటే చాలు.

ఊసుపోక రాయడం లేదు. మాది అనంతపురం. మా నాయన పోయి 4 ఏళ్లయింది. చివరి 19 రోజులు ఒక ఆస్పత్రి ఐసీయూలో, వెంటిలేటర్ మీద ఉన్నాడు. 11వ రోజు డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచి, "ఇక కోలుకోవడం కష్టం, ఏం చేద్దామో మీరే చెప్పండి" అన్నాడు. అన్న ఒకటి అన్నాడు, నేను ఇంకొకటి అన్నాను, అక్క గోడకు ఆనుకుని ఏడ్చింది. నాయనకు ఏం కావాలో మా ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. ఆ మనిషితో బోరు గురించి, సెనక్కాయల రేటు గురించి, కరెంటు బిల్లు గురించి, ఎలక్షన్ల గురించి 40 ఏళ్లు మాట్లాడాం, "నీకు ఎంతవరకు బతకాలని ఉంది నాయనా" అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. తరువాతి 8 రోజులు మేము తీసుకున్న నిర్ణయాలన్నీ మా భయంతో తీసుకున్నవే. ఆయన ఇష్టం వాటిలో ఎంత ఉందో ఇప్పటికీ నాకు తెలియదు.

అందుకే ఇది అందరూ బాగున్నప్పుడు చేయాల్సిన పని. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు, ఎవరి కర్మంతరమో చూసి వచ్చిన రోజు కూర్చోకండి, ఆ రోజు రాసేది మీ జవాబు కాదు, ఆ రోజు టెన్షన్.

ముందు ప్రశ్నను విడదీయండి

"చావు వద్దు" అనే మాట లోపల నాలుగు వేరువేరు కోరికలు ముడిపడి ఉంటాయి. కాగితం మీద నాలుగూ రాసి, మీది ఏది ఎక్కువో గుర్తు పెట్టుకోండి.

ఒకటి, ఇప్పుడే పోకూడదు. బిడ్డ పెళ్లి కావాలి, ఇంటి లోను తీరాలి. దీనికి గడువు ఉంది, లెక్కేస్తే ఏ 2041లోనో తీరిపోతుంది. రెండోది నొప్పి భయం, మంచాన పడతామన్న భయం. కాస్త నింపాదిగా చూస్తే ఈ కోరిక ఎక్కువ ఆయుష్షు అడగనే అడగదు, అనాయాసంగా పోవడం అడుగుతుంది. మూడోది మనవాళ్లను వదిలి ఉండలేకపోవడం. ఇది చాలా గట్టిది, నాలో ఉన్నది ముఖ్యంగా ఇదే. కానీ నేనొక్కణ్ణే ఎప్పటికీ ఉంటే ఈ కోరిక తీరదు, ఇంకా పాడవుతుంది, ఎందుకంటే అందరినీ సాగనంపే పని నా ఒక్కడి మీద పడుతుంది.

నాలుగోది, తరువాత ఏం జరుగుతుందో చూడాలనే ఆశ. నా దృష్టిలో అచ్చంగా "ఎప్పటికీ" అని అడిగేది ఇదొక్కటే. నాకు ఒక స్నేహితుడు ఉన్నాడు, డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాడు. 1859లో రీమాన్ అనే జర్మన్ గణితవేత్త ప్రధాన సంఖ్యల మీద ఒక ఊహ చేశాడట, అది నిజమని గానీ తప్పని గానీ నేటికీ ఎవరూ నిరూపించలేదు. "అది తేలకుండా పోవడం నాకు ఇష్టం లేదు. అది తేలాక ఇంకోటి ఉంటుంది, అదీ చూడాలి" అంటాడు. చెప్పేటప్పుడు ఆయన కళ్లు చూస్తే తెలుస్తుంది, ఉత్తుత్తి మాట కాదని. ఇలాంటివాళ్లు తక్కువ, కానీ ఉన్నారు. మీరే అలాంటివాళ్లైతే సిగ్గుపడకుండా రాయండి. మీ ఎదురుగా అలాంటి మనిషి ఉంటే వేదాంతం చెప్పి నోరు మూయించకండి. చావు ఉంది కాబట్టే బతుక్కి విలువ అని చాలామంది అంటారు, నేను నమ్మను. మా నాయన పోయినందువల్ల ఆయన బతుక్కి కొత్తగా విలువ ఏమీ కలవలేదు. ఇంకో పదేళ్లు కాళ్ల మీద తిరుగుతూ ఉండి ఉంటే ఆ పదేళ్లూ విలువైనవే.

వరం అడిగినట్టు షరతులు రాయండి

వరం ఎలా అడగకూడదో నేర్పే చోటు మనకు దగ్గర్లోనే ఉంది. అహోబిలం, పాత కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. ఎగువ అహోబిలం పైన నిలువుగా చీలినట్టు కనిపించే ఉగ్రస్తంభాన్ని చూపించి, నరసింహస్వామి ఇందులోంచే వచ్చాడని చెబుతారు. హిరణ్యకశిపుడు అడిగిన వరం చిన్నప్పుడే అందరం విన్నాం. మనిషి చేతిలో వద్దు, జంతువు చేతిలో వద్దు, పగలు వద్దు, రాత్రి వద్దు, ఇంట్లో వద్దు, బయట వద్దు, నేల మీద వద్దు, ఆకాశంలో వద్దు, ఆయుధంతో వద్దు. ఆ జాబితా మళ్లీ ఒకసారి చదవండి. చావు ఎలా రాకూడదో అన్నీ ఉన్నాయి, ఎలా బతకాలో ఒక్కటీ లేదు. ఎవరితో ఉండాలి, కొడుకుతో ఎలా ఉండాలి, రోజంతా ఏం చేయాలి, ఇవేవీ అడగలేదు. సంధ్య వేళ, గడప మీద, ఒడిలో, గోళ్లతో ఆ వరానికి దారి దొరికిందని మనం చెప్పుకుంటాం గానీ, అంతకు ముందే కన్నకొడుకు ఆయనకు కాకుండా పోయాడు.

ఇంకో పక్క అశ్వత్థామ. చిరంజీవుల్లో ఒకడని పూజల్లో పేరు చెబుతాం, అదే అశ్వత్థామకు ఆ ఆయుష్షు శాపంగా వచ్చిందనీ, మానని పుండ్లతో, పలకరించే దిక్కు లేకుండా 3000 ఏళ్లు తిరగాలనీ కూడా చెప్పుకుంటాం. ఆయుష్షు ఒకటే. షరతులు మారితే వరం శిక్ష అయింది.

కాబట్టి కాగితం రెండో వైపు షరతులు రాయండి. ఒంటి వయసు ఎక్కడ ఆగిపోవాలి? 25 అని వెంటనే రాసేయకండి, 25లో మీకు నిజంగా అంత బాగుండిందా, ఉద్యోగం లేదు, చేతిలో డబ్బుల్లేవు, గుర్తు చేసుకోండి. మీ ఒక్కరికేనా, ఇంకెవరికైనా కూడానా? వాళ్ల పేర్లు రాయండి, రాస్తున్నప్పుడు ఎక్కడ పెన్ను ఆగుతుందో చూసుకోండి. వద్దనిపించినప్పుడు తిరిగి ఇచ్చేయొచ్చా? నా మటుకు నాకు ఈ షరతు లేకుండా ఏ వరమూ వద్దు. ఒంటి బలం ఉండి జ్ఞాపకం లేకపోతే ఒప్పుకుంటారా? నాకు 46 ఏళ్లు, మూడో తరగతి చెప్పిన అయ్యవారి ముఖం ఇప్పటికే గుర్తు రావడం లేదు, గొంతు మాత్రం ఉంది. 500 ఏళ్లు గడిచాక మా నాయన ముఖం కూడా అలా చెరిగిపోతుందేమో, అప్పుడు బతికి ఉన్నది నేనేనా అనే అనుమానం నన్ను బాగా పీడించింది.

ఇక తిండి, భూమి సంగతి. ఇది జనం మరిచిపోతారు. మా తాత పేరున 6 ఎకరాలు ఉండేది. ఆయన, ఆయన నాయన, ఆయన తాత అందరూ బతికే ఉండుంటే పట్టాదారు పాసుపుస్తకంలో పేరు ఎప్పటికీ మారదు. నా బిడ్డకు ఏ పొలం, ఏ ఉద్యోగం, ఏ నీళ్లు మిగులుతాయి? మొత్తం ఊరంతా చావు లేకుండా ఉంటే కొత్తగా పుట్టేవాళ్లకు చోటెక్కడ? మీ షరతుల్లో దీనికి ఏదో ఒక జవాబు రాయండి, బాగోలేకపోయినా సరే. నాది బాగోలేదు.

అంకె వేయండి

"ఎప్పటికీ" అంటే మనసుకు ఆనదు. అంకె కావాలి. మన పెద్దవాళ్ల దగ్గర అంకెలు ఉన్నాయి. నిండు నూరేళ్లు అని దీవిస్తారు, అంతకు మించి దీవించరు. 60కి షష్టిపూర్తి చేస్తారు. సహస్ర చంద్ర దర్శనం అని ఉంది, వెయ్యి పున్నములు చూసిన మనిషికి చేసే శాంతి, లెక్కేస్తే 80 ఏళ్ల 10 నెలలకు వెయ్యి పున్నములవుతాయి. ఈ పున్నమి లెక్క నాకు బాగా పనికొచ్చింది. 40 ఏళ్ల మనిషి 80 దాకా ఉంటే ఇంకా 495 పున్నములు. అది లెక్కేశాక మొన్న పౌర్ణమికి మిద్దె ఎక్కి కాసేపు కూర్చున్నాను.

మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి 1671లో సజీవంగా బృందావన ప్రవేశం చేశారు. మొత్తం 700 ఏళ్లు అందులో ఉంటారని భక్తుల నమ్మకం. అంతటి స్వామి విషయంలోనూ జనం మనసులో ఉన్నది ఒక అంకె అని గమనించండి.

ఆ 700 పక్కన ఇంకో లెక్క పెట్టి చూడండి. రేపు ముసలితనానికి మందు వచ్చిందనుకుందాం, ఎవరూ ముసలివాళ్లు కారు. అయినా రోడ్డు ప్రమాదం ఉంది, పాముకాటు ఉంది, వరద ఉంది. ఏడాదికి వెయ్యి మందిలో ఒక్కరే పోతారనుకుంటే, సుమారు 693 ఏళ్లయ్యేసరికి సగం మంది ఉండరు. అంటే ముసలితనం లేకపోయినా "ఎప్పటికీ" అనేది మన చేతికి రాదు. వచ్చేది ఒక పెద్ద అంకె, అంతే. అదెంత పెద్దదో తెలియాలంటే వెనక్కి చూడండి. విజయనగర రాజ్యం 1336లో మొదలైందంటారు, అప్పటికి ఇప్పటికి దాదాపు 690 ఏళ్లు. ఆ ఏడాది పుట్టిన మనిషి ఈ రోజు మీ పక్కన బస్సులో కూర్చుని ఉంటే, హంపి కట్టడం చూశాడు, 1565 యుద్ధం తరువాత రాజధాని పెనుకొండకు రావడం చూశాడు, నవాబులు, కుంపెనీ దొరలు, స్వాతంత్ర్యం, ఆంధ్ర, ఉమ్మడి రాష్ట్రం, విభజన, అన్నీ చూశాడు. 1876 నాటి ధాత కరువు లాంటివి ఎన్ని చూసి ఉంటాడు! మీరు ఆ మనిషి అయితే బాగుండు అనిపిస్తోందా, అయ్యో పాపం అనిపిస్తోందా? మొదట ఏది అనిపించిందో అది రాసేయండి, దిద్దకండి.

వాస్తవంలో రుజువులతో సహా తేలిన అత్యధిక ఆయుష్షు 122 ఏళ్లు, ఫ్రాన్సులో జీన్ కాల్మెంట్ అనే ఆవిడది, 1997లో పోయింది. మన దేశంలో సగటు ఆయుష్షు స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో 32 ఏళ్ల దగ్గర ఉండేది, ఇప్పుడు 70 దగ్గర ఉంది. పసిబిడ్డలు ఎక్కువగా పోయేవాళ్లు కాబట్టి ఆ పాత అంకె అంత తక్కువగా ఉండేదన్నది నిజమే, అయినా మా ముత్తాతకు 88 ఏళ్ల బతుకు అంటే పురాణంలో మాటలా ఉండి ఉంటుంది. ఇంకో సంగతి, 1825లో గోంపెర్ట్జ్ అనే ఆయన బీమా లెక్కలు వేస్తూ కనిపెట్టాడు, నడి వయసు నుంచి చనిపోయే ప్రమాదం కొన్నేళ్లకోసారి రెట్టింపవుతూ పోతుందని, ఇప్పటి లెక్కల్లో అది ఇంచుమించు ఎనిమిదేళ్లకోసారి. అందుకే 110, 120 అని రాసేవాళ్లు పక్కన ఒంటి సంగతి కూడా రాయాలి.

పెద్దవాళ్లను అడగడం

ఇది అన్నిటికంటే కష్టమైన భాగం. మంగళవారం, శుక్రవారం, పండగ రోజు ఎత్తకండి, వాళ్ల మనసు చివుక్కుమంటుంది. ఎదురెదురుగా కూర్చోబెట్టి ఇంటర్వ్యూలా అడగకండి. చేతికి పని ఉన్నప్పుడు అడగండి, బుడ్డలు (సెనక్కాయలు) వలిచేటప్పుడో, చింతపండు గింజలు తీసేటప్పుడో, చూపు కిందికి ఉంటుంది కాబట్టి మాట తేలిగ్గా వస్తుంది. వాళ్ల సంగతితో మొదలుపెట్టొద్దు. ఊళ్లో ఎవరో పోయిన సంగతితో మొదలుపెట్టండి. పెద్దవాళ్లు ఫలానా వాళ్లది మంచి చావు, ఫలానా వాళ్లది పగవాడికి కూడా వద్దు అని ఎంత స్పష్టంగా చెబుతారో, వాళ్లకేం కావాలో సగం అక్కడే తెలిసిపోతుంది.

మా అమ్మమ్మను నేను అవ్వ అంటాను. 88 ఏళ్లు, నార్పల దగ్గర పల్లె. పోయిన ఏడాది విత్తనానికి బుడ్డలు వలుస్తుంటే పక్కన చేరాను.

"అవ్వా, కింది వీధి పెద్దాయన ఎట్ల పోయినాడు?"

"మారాజు మాదిరి పోయినాడప్పా. రాత్రి సంగటి తిని పండుకున్నోడు తెల్లారి లేయలేదు. పుణ్యాత్ముడు."

"మరి నీకు?"

నాలుగైదు బుడ్డలు ఊరికే వలిచింది. "కాలూ చెయ్యీ ఆడినన్నాళ్లు చాలు. ఒకరితో నీళ్లు పోయించుకునే బతుకు నాకొద్దు."

"కాలూ చెయ్యీ ఎప్పటికీ ఆడుతూనే ఉంటాయని దేవుడు రాసిస్తే?"

ఇది ఆమె అనుకోలేదు. చేయి ఆపింది. "బోర్లో నీళ్లుంటాయా?"

"అది రాసియ్యలేదు అవ్వా."

"అయితే నీళ్లున్నన్నాళ్లు ఉంటా. చీనీచెట్లు ఎండేది ఇంకోసారి చూడలేనప్పా."

వాళ్ల తోటలో 200 చీనీచెట్లు, అంటే బత్తాయి చెట్లు, ఉండేవి, బోరు వట్టిపోయి ఎండిపోతే కొట్టించి కట్టెలకు అమ్మేశారు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, అయినా ఆ చెట్లు ఆమె ఆయుష్షు లెక్కలో ఉన్నాయని నాకు తెలియదు. ఇలాంటిది మీరు ఊహించి పట్టుకోలేరు, అడిగితేనే వస్తుంది.

రెండు జాగ్రత్తలు. పెద్దవాళ్లు నోరు తెరవగానే "అట్లనొద్దు, నువ్వు నూరేళ్లుంటావు" అని ప్రేమతో అంటాం చూడండి, ఆ మాట అక్కడితో మాటలు ఆపేస్తుంది. అనకండి, ఊ కొట్టండి. ఇంకోటి, "ఎప్పుడో పోవాల్సినదాన్ని, దేవుడు మరిచిపోయినాడు" అంటుంటారు. చాలాసార్లు దానికి అర్థం నేను మీకు భారమా అని. అప్పుడు సమాధానం చెప్పడం కంటే ఏదైనా పని అప్పగించండి, ఊరిబిండి పచ్చడి ఎలా చేయాలో అడగండి. అయితే తిండి మానేసి, నిద్ర లేకుండా, రోజూ అదే మాట అంటుంటే మాత్రం అది వయసు వల్ల వచ్చే మాట అని కొట్టిపారేయకండి, డాక్టరుకు చూపించండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. ఈ కాగితం రాస్తూ మీకే అలా అనిపించినా వెంటనే చేయండి, కాగితం తరువాత చూద్దాం.

కాగితాన్ని పనికొచ్చేలా చేయండి

ఇంట్లో రాసుకున్నది మీ మనసుకు. ఆస్పత్రిలో చెల్లేది వేరే ఉంది, దాన్ని లివింగ్ విల్ అంటారు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకుంది, మొదట పెట్టిన పద్ధతి మరీ చిక్కుగా ఉంటే 2023 జనవరిలో సులువు చేసింది. 18 ఏళ్లు నిండి, మతి స్థిమితంగా ఉన్న ఎవరైనా రాయొచ్చు. కోలుకునే ఆశ లేని జబ్బు వచ్చి, నేను చెప్పలేని స్థితిలో ఉంటే ఏ వైద్యం వద్దు, ఏది ఆపేయాలి, నా తరఫున ఎవరు మాట్లాడాలి అని స్పష్టంగా రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ దగ్గర గానీ గెజిటెడ్ ఆఫీసరు దగ్గర గానీ ధ్రువీకరించుకోవాలి. ఒక కాపీ మీ తరఫున మాట్లాడాలని మీరు పేరు రాసిన మనిషికి, ఒకటి మీ డాక్టరుకు, ఒకటి మున్సిపాలిటీ లేదా పంచాయతీలో దానికి నియమించిన అధికారికి. రాశారు కదా అని డాక్టరు ఒక్కడే నిర్ణయం తీసుకోడు, రెండు మెడికల్ బోర్డులు చూసి ఒప్పుకోవాలి. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. సూది ఇచ్చి ప్రాణం తీయడానికీ దీనికీ సంబంధం లేదు, అది మన దేశంలో నేరమే. ఇది ఫలితం లేని యంత్రాలు వద్దనడం వరకే. వద్దని రాయాలని కూడా లేదు, "చివరిదాకా అన్నీ చేయండి" అన్నది మీ ఇష్టమైతే అది కూడా ఇంట్లోవాళ్లకు ముందే తెలియాలి. మా నాయన అలా చెప్పి ఉంటే ఆ 8 రోజులు మేము నిశ్చింతగా చేసేవాళ్లం.

ఏడాదికోసారి, ఉగాదికైనా సరే, కాగితం తీసి చదవండి. అంకె మారుతుంది. నాది మొదటిసారి 80 అని రాశాను, నాయన పోయిన బాధలో. రెండో ఏడు 110. ఇప్పుడు 96, పక్కన షరతులు మూడు: చదివింది అర్థం కావాలి, మిద్దె మెట్లు ఎక్కగలగాలి, నా వాళ్లలో ఒక్కరైనా నన్ను పేరు పెట్టి పిలవాలి.

ఆ కాగితం బీరువాలో ఆధార్, రేషన్ కార్డు ఉన్న కవర్లోనే పెట్టాను, ఎక్కడుందో ఇంట్లో అందరికీ చెప్పాను. మొన్న మా అమ్మాయి ఆధార్ కోసం తీసి చదివింది. 96 కొట్టేసి 100 వేసి నా దగ్గరికి తెచ్చింది. సరే, ఆ ఎక్కువ వేసిన నాలుగేళ్లలో నాకు ఏం చూపిస్తావో పక్కన రాయమన్నాను. రెండు రోజులుగా కాగితం ఆ పిల్ల దగ్గరే ఉంది.